చిత్తుప్రతి ఎవరి పెట్టెలో ఉండాలి?



"సొంత సర్వరులో నోట్సు పెట్టుకోవడం ఇంజనీర్ల ముచ్చట, సాహిత్యం వ్రాసుకొనేవారికి ఆ గొడవ దేనికి?" అన్న మాట ఈ మధ్య తరచుగా వినబడుతోంది. అంటున్నవారు సామాన్యులు కారు. ఛందస్సు మీద, శాసనభాష మీద, మాండలికాల మీద ఏళ్ళ తరబడి పరిశ్రమ చేస్తున్నవారు. వారి విద్వత్తుకు నేను నమస్కరిస్తాను. ఈ మాటకు మాత్రం నమస్కరించలేను. ఈ టపా దానిని ఖండించడానికే వ్రాస్తున్నాను. దానికి సరిగ్గా ఎదురుగా నిలబడి "సర్వరు మనదైతే చాలు, సమస్తమూ మనదైనట్టే" అంటున్న యువమిత్రుల మాటను కూడా ఇక్కడే ఖండించవలసి ఉంది. ఉభయపక్షాలకూ కోపం తెప్పించడం నా ఉద్దేశం కాదు గాని, తప్పేట్టు లేదు.

నా సిద్ధాంతం ముందే చెప్పేస్తాను. మనం వ్రాసి పెట్టుకొన్న నోట్సు మన అధీనంలో ఉండాలి. అంతేకాక, మన తరువాతివాడు ఎవరి అనుమతీ అడగకుండా, ఏ ప్రత్యేకమైన పనిముట్టూ వెదకకుండా చదువుకోగల రూపంలో ఉండాలి. ఈ రెండూ కలిసి ఉంటేనే అది భద్రత. మొదటిది లేకపోతే పరాధీనం, రెండవది లేకపోతే సమాధి.

ప్రథమ పూర్వపక్షం: "ఉచితంగా ఇస్తుంటే పుచ్చుకోరాదా?"

జాలంలో నోటుపుస్తకం ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. ఖాతా తెరిస్తే చాలు, ఫోనులో వ్రాసింది కంప్యూటరులో కనబడుతుంది. సుఖంగానే ఉంటుంది. ఆ సుఖానికి ఆయుఃప్రమాణం ఎంతో చరిత్రనే అడుగుదాం.

గూగుల్ 2006లో నోట్‌బుక్ అనే సేవ మొదలుపెట్టింది. 2009లో దాని అభివృద్ధి ఆపివేసింది. 2012లో మూసివేసింది. వ్రాతలను తన డాక్స్‌లోకి మార్చిపెట్టింది గనుక అది మర్యాద గల మూసివేతే అనుకోవాలి. స్ప్రింగ్‌ప్యాడ్ అనే మరొక నోటుపుస్తకం 2014లో మూతపడింది. ఎవర్‌నోట్ మూతపడలేదు గాని చేతులు మారింది. 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలకు 50 నోట్సు, ఒక్క నోటుపుస్తకం అని హద్దు గీసింది. పాతవి చదువుకోవచ్చు, 51వది వ్రాయాలంటే రుసుము చెల్లించాలి అన్నది అప్పటి నియమం. రుసుము అడగడం తప్పని నేను అనను. ఊరకే పెట్టమని మనం వారిని శాసించలేము కదా. కాని హద్దు ఎక్కడ గీయాలో నిర్ణయించేది వారే, మనం కాము. నేను చెప్పదలచుకొన్నది అంతే.

నోటుపుస్తకాల సంగతి అటుంచండి. యాహూవారి జియోసిటీస్ అమెరికాలో 2009లో పోయింది. యాహూ గుంపులలోని పాత సంభాషణలు 2019, 2020 సంవత్సరాల మధ్య యాహూ నుండి తొలగిపోయాయి. ఆ గుంపులలో జరిగిన తెలుగు చర్చలు మనలో ఎందరికి గుర్తున్నాయి? గుర్తున్నవారు చాలామందే ఉంటారు. ప్రతులు దాచుకొన్నవారు ఎందరు? ఆ ప్రశ్నకు ఎవరి సమాధానం వారికే తెలుసు.

"పెద్ద సంస్థలు గనుక పోవు" అన్న నమ్మకానికి ఈ జాబితాయే జవాబు. వీటిలో చాలావరకు చిన్నవారు నడిపినవి కావు. ఒక సేవ వారికి లాభసాటి కాకపోవచ్చు, ఒకనాటి యజమాని దానిని మరొకరికి అమ్మవచ్చు. అందులో దుర్మార్గం వెదకవలసిన పనిలేదు, వ్యాపారధర్మమే అంత. మన నోట్సుకు ఆ ధర్మంతో సంబంధం ఉండకూడదన్నదే నా వాదం.

"ఇది పండితుల పని కాదు"

ఈ ఆక్షేపణ నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరిచింది. గ్రంథరక్షణ పండితుల పని కాకపోతే మరెవరిది?

తాళపత్రాల కాలంలో గంటంతో వ్రాయడం ఒక ఎత్తయితే, ఆకులను పదను చేయడం, గీసిన అక్షరానికి మసీ పసరూ పూసి కనబడేట్టు చేయడం, పురుగు పట్టకుండా నిమ్మగడ్డి నూనె రాయడం, ఆకు శిథిలమయ్యేలోపల మరొక ప్రతి వ్రాయించడం అన్నీ కలిసి మరొక ఎత్తు. చదువుకొన్నవాడి ఇంట్లో ఇవన్నీ జరిగేవి. "ఇది పనివారి పని, నేను శ్లోకం మాత్రమే చెప్తాను" అన్న పండితుని గ్రంథం ఆయన మనుమడి నాటికి చెదల పాలయ్యేది.

సి.పి. బ్రౌను కడపలో బంగళా కొని, సొంత సొమ్ముతో పండితులను నియమించి, తెలుగు గ్రంథాల ప్రతులు సేకరించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించాడు. సర్కారు తరఫున ఎవరో చేస్తారని కూర్చోలేదు. నేటి భాషలో చెప్పాలంటే ఆయన తన ఇంట్లో, తన ఖర్చుతో, తన సర్వరు నడిపాడు. మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో ప్రకటించేవరకు ఆ కావ్యం లోకానికి కనబడలేదు. శతాబ్దాలపాటు అజ్ఞాతంగా ఉండిన గ్రంథం ఎట్లా బ్రతికింది? ఎవరో ప్రతి వ్రాశారు, ఎవరో దాచారు, కవిగారు విప్పి చదివారు. విప్పడానికి ఆయనకు ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది. ఆకు చేతికి వచ్చింది, లిపి తెలుసు, చదివారు. ఆ తాటాకుల కట్టకు ఒక సంకేతపదం, దాని వెనుక మూతపడిన ఒక సంస్థ ఉండి ఉంటే మన సాహిత్యచరిత్రలో నన్నెచోడుడు లేడు.

ఇది ఊహామాత్రం కాదనడానికి నాకు తెలిసిన ఒక ఉదాహరణ చెప్తాను. నాతోపాటు పనిచేసిన తెలుగు పండితుడొకరు వ్యవసాయపు మాటలు పోగుచేసేవారు. నాగలిలోని భాగాల పేర్లు, కుప్పనూర్పిడి మాటలు, ఎడ్లను అదలించే కేకలు, ఏ ఊళ్ళో ఏ రైతు నోట విన్నారో దానితో సహా. ఆ మాటలు చెప్పిన రైతులలో చాలామంది ఇప్పుడు లేరు, ఆ నాగళ్ళూ లేవు. కాగితాలు బరువని ఆయన అన్నిటినీ ఒక జాలసంస్థవారి నోటుపుస్తకంలోకి ఎక్కించారు. ఆయన పోయిన తరువాత పిల్లలకు ఖాతా పేరు తెలుసు, సంకేతపదం తెలియదు. సంస్థవారు అడిగిన పత్రాలు పంపడానికే ఆరు నెలలు పట్టింది; చివరికి వీలుపడదని జవాబు వచ్చింది. ఆ మాటలు ఎక్కడో ఒక యంత్రంలో నేటికీ ఉన్నాయేమో, మనకు మాత్రం లేవు. ఆయన పేరు వ్రాసి ఆ కుటుంబాన్ని నొప్పించను. "సాహిత్యం వ్రాసుకొనేవారికి ఈ గొడవ దేనికి" అనేవారు మాత్రం ఒక్కసారి ఆ రైతుల వైపు నిలబడి ఆలోచించవలసిందిగా ప్రార్థన.

ద్వితీయ పూర్వపక్షం: "డాకరులో ఒక్క ఆజ్ఞ, అయిపోయింది"

ఇక యువమిత్రుల వంతు. సొంత వసతి కావాలన్న వారి పట్టుదల నాకు ఇష్టం. కాని వారిలో కొందరు వారానికొక కొత్త అప్లికేషను స్థాపించి, చిత్రాలు చూపి, మరుసటి వారం ఇంకొకదానికి మారిపోతున్నారు. గుడి కట్టించడం కంటె నిత్య ధూపదీపనైవేద్యాలు జరిపించడం కష్టమన్న సంగతి వారికి ఇంకా తెలిసిరాలేదు.

మెమోస్ వంటి అప్లికేషను డాకరు సాయంతో రెండు నిమిషాలలో లేచి నిలబడుతుంది. దాని వ్రాతలు మామూలుగా ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేసు ఫైలులో చేరుతాయి. ఎస్‌క్యూలైట్‌ను నేను తక్కువ చేయను. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు దత్తాంశాల నిల్వకు మెచ్చిన రూపాలలో అదొకటి. కాని దానిని తెరవడానికి ఒక పనిముట్టు కావాలి, ఏ పట్టికలో ఏముందో తెలిసిన మనిషి కావాలి. నా మనుమరాలికి ఆ ఫైలు ఇస్తే ఏమి చేసుకొంటుంది? పైగా డాకరు పెట్టెను స్థాపించేటప్పుడు, బయటి ఫోల్డరును దానికి జతచేయడం మరచి, నోట్సంతా ఆ పెట్టెలోపలే వ్రాసుకొంటే, ఆ పెట్టెను తొలగించిననాడు నోట్సు కూడా దానితోనే పోతాయి. ఇల్లు సొంతమే, బీరువా సొంతమే, కాని బీరువాతో సహా పాతసామానువాడికి వేసినట్టు అవుతుంది.

అందువల్ల ప్రశ్న "సర్వరు ఎవరిది?" అని మాత్రమే కాదు. "ఆ అప్లికేషను రేపు లేకుండా పోతే నా చేతిలో ఏమి మిగులుతుంది?" అని కూడా అడగాలి. ఈ రెండవ ప్రశ్నకు సరియైన సమాధానం ఇచ్చే పనిముట్లు కొన్ని ఉన్నాయి. వాటిలో నేను పక్షం వహించేది డోకువికీ.

సిద్ధాంతం

డోకువికీని ఆండ్రియాస్ గోర్ అనే ప్రోగ్రామరు 2004లో విడుదల చేశాడు. జీపీఎల్ లైసెన్సు క్రింద ఉచితం, స్వేచ్ఛాయుతం. ఇరవై ఏళ్ళు దాటినా బ్రతికే ఉంది. 2025లోనూ కొత్త విడుదల వచ్చింది. పేరుకు వికీయే గాని, ఒక్కరే వాడుకొంటే నోటుపుస్తకమే. దీనికి డేటాబేసు లేదు. మీరు వ్రాసిన ప్రతి పుటా ఒక సాదా అక్షరాల ఫైలుగా, డేటా అనే ఫోల్డరులోని పేజెస్ అనే ఉపఫోల్డరులో కూర్చుంటుంది. రేపు డోకువికీయే లేకపోయినా, నోట్‌ప్యాడుతో తెరిచి చదువుకోవచ్చు.

పాఠపరిష్కరణ తెలిసినవారికి మరొక సంతోషం ఉంది. పుటను దిద్దిన ప్రతిసారీ పాత పాఠం చెరిగిపోదు. తేదీతో సహా కుదించి వేరే ఫోల్డరులో దాస్తుంది. దాని పేరు యాటిక్, అంటే మన అటకే. పనికిరాదనుకొన్నదాన్ని పారవేయకుండా అటక మీద పెట్టే మన పెద్దల బుద్ధి ఆ ప్రోగ్రామరుకూ ఉంది. ఒక పదానికి నిరుడు ఏ అర్థం వ్రాశారో, ఈ ఏడు ఎందుకు మార్చారో పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

స్థాపన సంగతి క్లుప్తంగా చెప్తాను. పీహెచ్‌పీ నడిచే వెబ్ సర్వరు ఉన్న కంప్యూటరు చాలు. పాత ల్యాపుటాపులో లినక్సు వేసినా సరే, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అయినా సరే. మూటను దింపుకొని విప్పి, సర్వరు ఫోల్డరులో పెట్టాలి. డేటా, కాన్ఫ్ ఫోల్డర్లలో వ్రాయడానికి సర్వరుకు అనుమతి ఇవ్వాలి. తరువాత విహరిణిలో స్థాపన పుట తెరిస్తే వికీ పేరు, యజమాని పేరు, సంకేతపదం అడుగుతుంది. ఎవరు చదవవచ్చునో అడిగినచోట "మూసిన వికీ" అన్న ఎంపికనే పట్టుకోండి. పని ముగియగానే ఆ స్థాపన ఫైలును తొలగించాలి. అపాచీ సర్వరైతే డేటా ఫోల్డరు బయటివారికి కనబడకుండా చేసే కట్టుబాటు మూటలోనే వస్తుంది, సర్వరు దానిని మన్నిస్తున్నదో లేదో చూసుకోవాలి. ఎన్‌జిన్‌ఎక్స్ అయితే ఆ కట్టుబాటు మనమే చేతితో వ్రాయాలి. ఇది చేయకపోతే వాకిలికి తాళం వేసి పెరటి తలుపు తెరిచిపెట్టినట్టే. సంకేతపదం లేకుండానే ఎవరైనా ఫైళ్ళను నేరుగా చదవగలరు.

ఇక తెలుగువారు మాత్రమే పట్టించుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఆంగ్లంలో వ్రాసేవారికి ఇది తట్టదు. డోకువికీ మామూలుగా పుట పేరును ఫైలు పేరుగా మార్చేటప్పుడు ఆంగ్లేతర అక్షరాలకు శాతపు గుర్తులతో మారువేషం వేస్తుంది. తెలుగులో ప్రతి సంకేతమూ యూటీఎఫ్-8లో 3 బైట్లు. మారువేషంలో ఒక్కొక్క బైటు 3 అక్షరాలవుతుంది. అంటే సంకేతానికి 9. "ఆంధ్రమహాభారతం" అన్న పేరులో గుణింతాలూ పొల్లూ సున్నలూ కలుపుకొని 13 సంకేతాలు. మారువేషంలో అది 117 అక్షరాలు! లినక్సులో సాధారణంగా ఒక ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. కాబట్టి 26, 27 సంకేతాల దగ్గరే మన పేరు ఆగిపోవాలి. దీర్ఘసమాసాలంటే ప్రీతి గల మనబోటివారికి ఇది చాలదు. అంతకంటె ముఖ్యం, ఫోల్డరు తెరిచి చూసినవాడికి శాతపు గుర్తుల గుంపు తప్ప తెలుగు కనబడదు. రేపటివాడు చదవాలన్న మన ఉద్దేశానికే అది విఘాతం.

దీనికి మందు అమరికలలోనే ఉంది. ఫైలు పేర్ల సంకేతపద్ధతి అనేచోట యూటీఎఫ్-8 అని ఎంచుకోండి. అప్పుడు ఫైలు పేరు తెలుగులోనే ఉంటుంది, సుమారు 80 సంకేతాల దాకా చోటు దొరుకుతుంది. అయితే ఇది మొదటి పుట వ్రాయకముందే చేయాలి. వందల పుటలు వ్రాసి తరువాత మారిస్తే పాత పుటలు వికీకి కనబడవు. వెదకేటప్పుడు కూడా మన భాష స్వభావం గుర్తుంచుకోవాలి. విభక్తి చేరగానే తెలుగు మాట రూపు మారుతుంది గనుక పూర్తి మాటకు బదులు మొదటి భాగం వ్రాసి చివర నక్షత్రపు గుర్తు పెడితే "నాగలి", "నాగలికి", "నాగలితో" అన్నీ దొరుకుతాయి; "నాగటి" కావాలంటే "నాగ"తో ఆపి నక్షత్రం పెట్టాలి.

యూనికోడ్ అన్నాను గనుక ఒక మాట. 1991 నాటి తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. అరసున్నకూ, బండి ఱకూ, మన అంకెలకూ అందులో గడులున్నాయి. అయినా చాలాకాలం మనవాళ్ళు ఆంగ్లాక్షరాల గడులలో తెలుగు బొమ్మలు కూర్చిన ఖతులతోనే వ్రాశారు. ఆ ఖతి లేని కంప్యూటరులో అవి నేడు పిచ్చిగీతలు. ఫైళ్ళు సొంతవే, ఇంట్లోనే ఉన్నాయి, చదువు మాత్రం పోయింది. "సర్వరు సొంతమైతే చాలు" అనేవారికి ఇంతకంటె దృష్టాంతం అక్కరలేదు.

మిగిలిన ఆక్షేపణలు

"ఇంట్లో సర్వరు పెడితే దొంగలు చొరబడరా?" బయటి జాలానికి తెరిస్తే చొరబడవచ్చు. అసలు తెరవమని ఎవరన్నారు? ఇంటి వైఫై లోపల మాత్రమే నడపండి. పడకకుర్చీలో కూర్చొని ఫోనులో తెరిచినా పనిచేస్తుంది. మనదేశంలో అనేక గృహ కనెక్షన్లకు సొంత బహిరంగ చిరునామా దొరకదు. ఒకే చిరునామాను పలువురు పంచుకొంటారు. దానిని లోపంగా ఏకరువు పెట్టేవారున్నారు. మన పనికి అది లోపం కానే కాదు. ప్రయాణంలోనూ నోట్సు కావలసినవారు వైర్‌గార్డ్ వంటి రహస్యమార్గాన్ని తెలిసినవారిచేత వేయించుకోవచ్చు. ఆ సర్వరు కూడా వద్దనుకొంటే, విండోసులో పెన్‌డ్రైవు మీదనుండే డోకువికీని నడిపే పద్ధతి ఉంది.

"కరెంటు పోతే? డిస్కు చెడితే?" చెడుతుంది, తప్పదు. తాటాకూ చెడింది. అందుకే ప్రతులు. డేటా, కాన్ఫ్ అన్న రెండు ఫోల్డర్లను వారానికొకసారి వేరొక డిస్కుకు, నెలకొకసారి వేరే ఊళ్ళో ఉన్న పిల్లల ఇంటికి చేర్చండి. ఏడాదికొకసారి ఆ ప్రతిని మరొక కంప్యూటరులో తెరిచి చూడండి. తెరిచి చూడని ప్రతి, ప్రతి కాదు. ఇందుకు ఓపిక లేనివారు సొంత సర్వరు జోలికి పోకపోవడమే మేలు, అది కూడా నిర్మొహమాటంగా చెప్తున్నాను. వారు కనీసం ఇప్పుడున్న సేవ నుండి ఎగుమతి చేసుకొని, ఆ ఫైళ్ళనైనా ఇంట దాచుకోవాలి.

"ఉచిత వసతిలో బ్లాగు వ్రాస్తూ ఈ ఉపదేశమేమిటి?" అని ఎవరో ఒకరు అడగకమానరు. సభ వేరు, పెట్టె వేరు. సభ ఊరివారి చావడిలో జరుగుతుంది. చావడి మనది కానక్కరలేదు, రేపు కూలిపోతే మరొక చెట్టుక్రింద కూర్చుంటాం. చదివే వ్రాతప్రతి మాత్రం ఇంటినుండి సంచిలో తెచ్చుకొని, సభ ముగియగానే ఇంటికి తీసుకుపోవాలి. ఈ బ్లాగులోని ప్రతి టపాకూ మూలం మా ఇంట్లో సాదా ఫైలుగా ఉంది. చావడి గోడమీద వ్రాసి, గోడ కూలాక ఏడ్చేవారి గురించే నా బెంగ.

చివరిగా ఒక పని చెప్తాను, దీనికి సర్వరూ అక్కరలేదు, సాంకేతికజ్ఞానమూ అక్కరలేదు. ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ నోట్సు ఏ కంప్యూటరులో, ఏ ఫోల్డరులో ఉన్నాయి, ప్రతులు ఎవరి దగ్గర ఉన్నాయి, సంకేతపదం ఏమిటి, ఇవి కలంతో వ్రాసి, ఇంటి దస్తావేజులున్న పెట్టెలో పెట్టి, ఇంట్లో ఒకరికి చెప్పండి. పొలం పత్రాలు ఎక్కడున్నాయో పిల్లలకు చెప్పే మనం, ఒక జీవితకాలం ఏరి కూర్చిన మాటలు ఎక్కడున్నాయో చెప్పకుండా పోవడం న్యాయం కాదు.

నా వాదంలో దోషముంటే నిస్సంకోచంగా ఖండించండి. డోకువికీ కంటె మేలైనది ఉందంటే సంతోషంగా వింటాను. అయితే నా రెండు ప్రశ్నలకూ సమాధానం దానితోపాటే చెప్పండి. అది ఎవరి పెట్టెలో ఉంటుంది? పెట్టె పగిలిననాడు చేతికి ఏమి దొరుకుతుంది?